చెప్పుకోగలిగిన ఇల్లు

చిరంజీవి బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పిల్ల ఫోన్‌లో ఎవరో అబ్బాయి మెసేజ్‌లు కనబడ్డాయనీ, అల్లుడుగారు ఫోన్ లాక్కుని కాలేజీ మాన్పించారనీ, మీ అత్తగారు సంబంధాలు చూడమంటున్నారనీ రాశావు. దానికింకా పదహారేళ్లే. పిల్ల కడుపు తెచ్చుకుంటుందేమోనన్న మీ భయం నాకు తెలుసు. కానీ మీరు దేనికి భయపడుతున్నారో, ఈ తొందర పిల్లను దాని దగ్గరికే తీసుకెళుతుంది.

ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసిన దాన్ని. అక్కడికి కాన్పుకొచ్చిన పదహారు, పదిహేడేళ్ల పిల్లల్లో ఎక్కువమంది మెడలో పసుపుతాడుతోనే వచ్చారు. పరువు పోకముందే ఒక ఇంటిదాన్ని చేసేద్దామని కన్నవాళ్లు పెళ్లి చేసి పంపిన పిల్లలు వాళ్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం అప్పటికే తల్లులైనా అయ్యారు, కడుపుతోనైనా ఉన్నారు. దేశం మొత్తం మీద అది 6.8 శాతమే. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని కూడా ఆ సర్వేలోనే ఉంది. ఈ రెండూ వేరువేరు సంగతులని ఎలా అనుకోను? అసలే రక్తం తక్కువగా ఉన్న పిల్ల, ఎదుగుదల పూర్తికాని ఒళ్లు. ఇరవై దాటిన వాళ్లకన్నా ఆ వయసులో గుర్రపువాతం, కాన్పు తర్వాత ఇన్ఫెక్షన్లు ఎక్కువ. ఆ ప్రమాదంలోకి మన పిల్లను మనమే పంపుదామా?

ఇక పెంపకం సంగతి. అమెరికాలో డయానా బౌమ్‌రిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో తల్లిదండ్రుల పెంపకాన్ని గమనించింది. చెప్పింది చెయ్యి, ఎందుకని అడగకు అనే ఇళ్లు కొన్ని. అడిగిందల్లా సరే అనే ఇళ్లు కొన్ని. కట్టడి పెడుతూనే కారణం చెప్పి, పిల్ల మాట కూడా వినే ఇళ్లు మరికొన్ని. అసలు పట్టించుకోని ఇంటిని నాలుగో రకంగా తర్వాతివాళ్లు చేర్చారు. తొందరపడి శారీరక సంబంధంలోకి వెళ్లే విషయంలో మూడో రకం ఇళ్ల పిల్లలకే ముప్పు తక్కువని చాలా పరిశీలనల్లో తేలింది. అలాగని అంతా పెంపకం మీదే నెట్టడం అన్యాయం. పేదరికం, చదువు ఆగిపోవడం కూడా పిల్లల్ని ఇటు తోస్తాయి. మీకు ఆ ఇబ్బందేం లేదు. చేతిలో ఉన్న చదువును మీరే ఆపారు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది స్వీడన్‌లో స్టాటిన్, కెర్ అనే ఇద్దరు 2000లో ప్రచురించిన పరిశోధన. పద్నాలుగేళ్ల పిల్లల ఇళ్లలో అమ్మానాన్నలకు పిల్లల సంగతులు ఎలా తెలుస్తున్నాయో చూశారు. ఆరాలవల్లా, ఆంక్షలవల్లా తెలిసేది తక్కువట. ఎక్కువగా పిల్లలు తమంతట తాము వచ్చి చెబితేనే తెలుస్తోందట. ఆలోచించు. నీ కూతురికి రేపు నీతో ఒక మాట చెప్పుకోవాలనిపించిందనుకో. చెబితే చదువు పోతుందని ఇప్పటికే నేర్చుకుంది. ఇక చెబుతుందా? ఆ అబ్బాయి ఫొటోలు పంపమని బెదిరించినా, నెల తప్పినా, నీకు చివర్లో తెలుస్తుంది. అప్పటికి అది ఎవరి మాట విని, ఏ మందు మింగి ఉంటుందో!

ముందు కాలేజీకి పంపు. ఫోన్ వాడకానికి వేళ పెట్టు, ఎందుకో దానికి చెప్పు, ఆ మాట మీద గట్టిగా నిలబడు. మెత్తబడమని నేననడం లేదు. ఒక మధ్యాహ్నం తలుపేసుకుని కూర్చుని కడుపెలా వస్తుందో, ఒక్కసారికే రావచ్చని, 'వద్దు' అన్నాక బలవంతపెట్టేవాడిది ప్రేమ కాదని తల్లిగా నోరు తెరిచి చెప్పు. సిగ్గుపడి వదిలేస్తే అవన్నీ ఆ ఫోనే నేర్పుతుంది. నీ కొడుక్కి కూడా చెప్పాలి. అవతలి ఇంట్లోనూ ఒక ఆడపిల్ల ఉంటుంది కదా.

చట్టం సంగతి అల్లుడుగారికి నువ్వే చెప్పు. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి జరిపిస్తే రెండేళ్ల దాకా కఠిన జైలు శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఆ వయసు భార్యతో కాపురం చేయడం కూడా అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. రేపు వచ్చే ఆ పెళ్లికొడుకు బతుకు కూడా పాడవుతుంది.

ఈ ఉత్తరం అల్లుడుగారికి చదివి వినిపించు. అయినా సంబంధాల మాట ఆగకపోతే కబురు చెయ్యి, నేను వచ్చి మీ అత్తగారితో మాట్లాడతాను. ఈలోగా ఎవరైనా ముహూర్తం పెడితే నా కోసం ఆగకు, పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ