కుండకు పెట్టిన తిండి



నీ యింట రాత్రివేళ మినపపప్పు, బియ్యము నానబెట్టి రుబ్బి మూతవేసి యుంచుదువు. తెల్లవారునప్పటికి పిండి పొంగియుండును. ఎవరును దానిని ఊదలేదు, ఎవరును కలియబెట్టలేదు. కంటికి కానరాని జీవులు రాత్రియంతయు ఆ పిండిలోని సారమును తిని గాలి విడిచినందున అది పొంగినది. ఆ ఇడ్లీలు పిల్లలకు పెట్టి మనము దేవునికి స్తోత్రము చెల్లింతుము. కాబట్టి పులియుట పాపము కాదు. ఈ మాట మొదటనే చెప్పుచున్నాను. ఏలయనగా నేను వ్రాయబోవునది గుడుంబాను గూర్చి. గుడుంబా మీద ప్రసంగించు బోధకులు తరచుగా కుండను, బెల్లమును, బట్టీని తిట్టి మనుష్యుని విడిచిపెట్టుదురు.

మంచిర్యాల నుండి చెన్నూరు పోవు దారిలో జైపూరు ఉన్నది. పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనిది, 2016 నుండి మంచిర్యాల జిల్లాలోనిది. చుట్టును ఇందారము, శ్రీరాంపూరు బొగ్గుగనులు. పెగడపల్లి యొద్ద సింగరేణివారి 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రము. గోదావరి దాటినయెడల గోదావరిఖని, రామగుండము. గనిలో దిగి వచ్చువాని గొంతులో బొగ్గుదుమ్ము ఉండును. బెల్లపుముక్క నమిలిన ఆ దుమ్ము దిగునని నమ్మువారు మనలో అనేకులు. అదే బెల్లము మరియొక త్రోవన కుండలోనికి పోయి, పానకమై, సారాయై, మరల ఆ గొంతునకే వచ్చుచున్నది. ఈ సీమ అడవులలో ఇప్పపూవు సారా కూడ కలదు. గోండులు దానిని తమ దేవతల కొలువులోను పెండ్లిండ్లలోను వాడుదురు, ఆ పూవును ఎండబెట్టి ఆహారముగాను తిందురు. దాని సంగతి వేరు, దానిని గూర్చి తీర్పు చెప్పుటకు నేను తగను. బెల్లపు గుడుంబా మాత్రము ఏ పండుగకును పుట్టినది కాదు. అది అమ్మకమునకే పుట్టినది.

పానకము సారా ఎట్లగును? ఈస్టు అను సూక్ష్మజీవి చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు గాలిని విడుచును. ఇది జీవముగలదాని పనియేయని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు 1857 మొదలుకొని చేసిన పరిశోధనలలో చూపెను. కిలో చక్కెర పూర్తిగా పులిసినను ఇంచుమించు అరకిలో ఆల్కహాలే వచ్చును. తక్కిన సగము గాలిలో కలిసిపోవును. అయితే వట్టి గంజి త్రాగి కూలివాడు పనిచేయలేనట్లే వట్టి చక్కెరతో ఈస్టు సరిగా పనిచేయలేదు. దానికి నత్రజని కావలెను. అందుచేత దూరదేశములలో ఇంట సారా కాచువారు కొందరు చక్కెరనీళ్లలో ఎండుబఠానీలో, చిక్కుడుగింజలో వేయుదురు. పప్పుజాతి మొక్కల వేళ్లమీది బుడిపెలలో కాపురముండు జీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చును. కంది, పెసర వేసిన చేనిలో మరుపంటకు బలముండునని మన రైతులకు ఎవరును నేర్పనక్కరలేదు. ఎండుగింజలో నూటికి ఇరువది పాళ్లకు మించి మాంసకృత్తులుండును. కాని ఈస్టు ఆ మాంసకృత్తులను విరుగగొట్టి తినజాలదు. నీళ్లలోనికి దిగిన కొద్ది సారమునే పీల్చుకొనును. బిడ్డ కండకు పోవలసినది చాలవరకు అడుగున మడ్డియై మిగులును.

మన బట్టీలవారికి గింజలు నానువరకు ఓపిక లేదు. నవసాగరము వేయుదురు, యూరియా వేయుదురు. పని అదే, ఈస్టుకు నత్రజని పెట్టుట. యూరియా వేసిన పానకమును కాచునప్పుడు, కేన్సరు కలిగింపగలదని శాస్త్రజ్ఞులు శంకించు పదార్థమొకటి పుట్టగలదు. చేనికి వేయు ఎరువు తన గ్లాసులోనికి వచ్చినదని త్రాగువానికి ఎవరు చెప్పుదురు?

ఇది నేరమని చెప్పి ముగింపవచ్చును. 1968 నాటి ఎక్సైజు చట్టము ప్రకారము ఇది నేరమే. అయితే న్యూజీలాండులో 1996 నుండి సొంత వాడుకకు ఇంట కాచుకొనుట నేరము కాదు. సముద్రము దాటినంత మాత్రమున తప్పు ఒప్పగునా? చట్టమునకు మనము లోబడవలసినదే. కాని నేనడుగుచున్న ప్రశ్న చట్టము విప్పునది కాదు. కాచినవారికి, త్రాగినవాడు చేసిన దానిలో ఎంత వంతున్నది? ఇదే ప్రశ్న.

మా సంఘములో ఒక విధవరాలు ఉన్నది. భర్త కాంట్రాక్టు కూలీ. ఆమె కాచుచున్నదని ఊరంతటికి తెలియును. నేను వెళ్లి కూర్చుండి మెల్లగా మాట తీసితిని. ఆమె దాచలేదు. “అయ్యగారూ, నేను కాస్త. వాళ్లొచ్చి తాగుతరు. తాగుమని నేను ఎవని గొంతుల పోసిన్నా? నేను కాయకుంటే ఇంకొకలు కాయరా?” అనెను.

చదువరీ, ఈ రెండు మాటలను నవ్వి త్రోసివేయకుము. పెద్ద పట్టణములలో పెద్ద చదువులు చదివినవారును తమ కొలువులను గూర్చి ఈ రెండే చెప్పుదురు.

మొదటి మాట చూడుము. పోసినది నేను కాదు, వానికి చేయి లేదా, బుద్ధి లేదా? నిజమే, త్రాగువానికి బుద్ధి ఉన్నది, వాని లెక్క వాడు అప్పగింపవలెను. అయితే కుండను పెంచుట ఎట్టిదో తలంచుము. పానకము పొంగుచున్నదా, బుడగలు తగ్గినవా, వాసన మారినదా అని ఆమె రోజులకొలది కనిపెట్టుచుండును. చలి యెక్కువైన గోనె కప్పును. కంటికి కానరాని జీవి ఆకలిని గుర్తించి దానికేమి కావలెనో అది పెట్టును. ఇంత శ్రద్ధగలది, ఆ కుండలోనిది ఎక్కడికి పోవుచున్నదో ఎరుగననగలదా? ఏ యింటివాడు జీతము దినమున తిన్నగా తన గడపకు వచ్చునో, వాని భార్య ఆ రాత్రి పిల్లలను తీసికొని ఎవరి పంచను పండుకొనునో, అదియు ఆమెకు తెలియును. గుప్పెడు గింజలు పారవేసినందుకు లెక్క అడుగుట నా యుద్దేశము కాదు. ఇంత తెలిసియుండుట వలననే ఆమెకు వంతున్నది. తెలియక చేసినవాని వంతు వేరు.

రెండవ మాట కష్టతరమైనది. నేను మానినను మరియొకరు కాచుదురు. ఇది అబద్ధమని నేననలేను. 1991, 92 సంవత్సరములలో నెల్లూరు జిల్లాలో రాత్రిబడులకు పోయి అక్షరములు దిద్దిన కూలి స్త్రీలు దూబగుంటలోను ఇతర గ్రామములలోను సారా దుకాణములు మూయించిరి. ఆ తల్లులు రేపిన ఉద్యమమునకు ప్రభుత్వము తలయొగ్గి 1993 అక్టోబరు 1న సారాను, 1995 జనవరి 16న సమస్త మద్యమును నిషేధించెను. ఆ నిషేధము క్రింద దొంగబట్టీలు పెరిగినవి, 1997లో నిషేధము సడలినది. తరువాత తెలంగాణ ప్రభుత్వము గుడుంబా మానిన కుటుంబములకు 2 లక్షల రూపాయల సహాయమని ప్రకటించెను. ఒక చోట మూసిన ఊట మరియొక చోట పొంగుట మనము చూచితిమి. కావున ఆమె యొకతె మానినందున జైపూరులో త్రాగుడు ఆగునని నేను ఆమెకు మాట ఇయ్యలేదు.

అయినను ఆ మాటను పట్టుకొని నడిచి చూడుము. బెల్లము బస్తాలకొలది అమ్మువాడును అదే చెప్పును, నేను అమ్మకున్న మరియొకడు అమ్మును. బస్తాలు దింపు ఆటోవాడును అదే చెప్పును. మామూలు పుచ్చుకొని ప్రక్కకు చూచువాడును అదే చెప్పును. రంగుసీసాలు అమ్మించి ఆదాయము లెక్కించుకొను ప్రభుత్వమును ఇంచుమించు అదే చెప్పును. అందరి వంతును సున్న యగును. ఇక ఇందారము దారిప్రక్కన పడియున్న మనుష్యుడు ఎవరివలన పడెను?

నా తలంపు ఇది. మరియొకరు చేయుదురనుట లోకములోని కీడు ఎంతయో చెప్పును గాని నా చేతిలో ఏమున్నదో చెప్పదు. వంతు లెక్కించునప్పుడు రెండు చూడవలెను, ఎంత తెలిసియున్నది, మానుటకు ఎంత వీలున్నది. తెలియుటలో ఆమెయు బెల్లపు వర్తకుడును ఒకటే. కాచువారు తప్ప నెలకు అన్ని బస్తాల నల్లబెల్లము ఎవరు కొందురో అతనికి తెలియదా? మానుటకు వీలు చూచిన, అతడు రేపు మానినయెడల అతని అంగడిలో ఉప్పు, పప్పు, నూనె మిగులును. ఆమె మానినయెడల కుండ ఒక్కటే మిగులును, అదియు ఖాళీ. అందుచేత ఆమె వంతు సున్న కాదు గాని అతని వంతుకంటె చిన్నది. మన గ్రామములలో తీర్పు దీనికి తలక్రిందుగా నడుచుచున్నది. పోలీసులు వచ్చినప్పుడు పగులునది ఆమె కుండ.

ఆమెతో నేను, “అమ్మా, నీ చేయి అందులో ఉన్నది” అని చెప్పితిని. “మానుము” అనియు చెప్పితిని. ఆమె నన్నొక మాట అడిగెను, “మాన్తె దినానికి ఎంత ఇస్తరు?” దీనికి వాక్యము చదివి లేచి వచ్చుట నాకు చేతకాలేదు.

ఇంతలో సంఘములో మరియొక చిక్కు వచ్చినది. ఒక ఆదివారము ఆమె కానుకపెట్టెలో ఐదువందల నోటు వేసెను. అది గుడుంబా డబ్బు, దేవుని సొమ్ములో కలుపరాదని ఇద్దరు పెద్దలు గట్టిగా వాదించిరి. వారి మనస్సాక్షిని నేను తప్పుపట్టను. కాని బెల్లపు అంగడి లాభములోనుండి మన మందిరపు రేకులకు వచ్చిన కానుకను కూడ ఆ తక్కెడలోనే తూచవలసియుండునా అని నేనడిగితిని. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. తరువాత ఒక సహోదరి లేచి, తన యింట వడ్లు దంచుటకు, పిండి పట్టించుటకు వారమునకు రెండు దినములు ఆమెను పిలిచెదననెను. బడిలో వంటకు సహాయకురాలు కావలెనేమో కనుగొందునని మరియొకరు అనిరి. రెండు దినముల కూలితో ముగ్గురు పిల్లలు బ్రదుకరు. మిగిలిన దినములకు ఇంకను ఎవరును చేయి ఎత్తలేదు. ఆ నోటు ఒక కవరులో వేరుగా కోశాధికారి యొద్ద ఉన్నది. వరికోతలైన తరువాత సంఘము మరల కూడును.