అంగడిలో సరుకు ఎవరు?

ఒకరోజు ఇషా నమాజు తర్వాత మదనపల్లెలో టమాటా మండీ నడిపే ఒక పెద్దాయన మా దగ్గర కూర్చున్నారు. చేతిలో ఉన్న సెల్‌ఫోన్ చూపించి ఇలా అడిగారు: "మౌలానా సాబ్, ముప్పై ఏళ్లుగా వ్యాపారంలో ఉన్నాను. ఎవరూ ఎవరికీ ఏదీ ఊరకే ఇవ్వడం నేను చూడలేదు. మరి ఈ ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ వాళ్లు మన దగ్గర ఒక్క పైసా తీసుకోకుండా ఇంత పెద్ద దుకాణం ఎట్లా నడుపుతున్నారు?"

ఫోన్ గురించి మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. ఫోటో దిగవచ్చా, వీడియో చూడవచ్చా అన్నవే ఆ ప్రశ్నలు. ఈ బేరం ఏమిటి అని అడిగినవారు మాత్రం మాకు తెలిసి ఈయన ఒక్కరే. ఆ రాత్రి మేము చెప్పిన జవాబు మాకే తృప్తినివ్వలేదు. ఆ తర్వాత ఆలోచించిన విషయాలను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

బేరానికి ఉండవలసిన షరతులు

మదరసాలో క్రయవిక్రయాల అధ్యాయం మొదలుపెట్టగానే విద్యార్థి నేర్చుకునే సంగతి ఒకటుంది. అమ్మే వస్తువు ఏమిటో తెలియాలి, దాని వెల ఎంతో తెలియాలి, ఇరుపక్షాలూ మనస్ఫూర్తిగా అంగీకరించాలి. నీటిలో ఈదే చేపను, ఆకాశంలో ఎగిరే పక్షిని అమ్మకూడదని ధర్మవేత్తలు చెప్పింది ఇందుకే. ఏమి ఇస్తున్నామో, ఏమి పొందుతున్నామో తెలియని బేరంలో మోసానికి చోటుంటుంది. దీన్నే 'గరర్' అంటారు.

మహాప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూస్తే అడుగున తడి తగిలిన సంఘటన మన పిల్లలకు కూడా తెలుసు. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీశారు. ధాన్యం తడవడం ఆ వర్తకుడి తప్పు కాదు. తడిని కప్పిపెట్టడమే తప్పు.

ఇప్పుడు మన చేతిలోని రాశి అడుగున ఏముందో చూద్దాం.

ఉచితం వెనుక లెక్క

ఫేస్‌బుక్ 2004లో మొదలైంది. దాని మాతృసంస్థ మెటా 2023లో సుమారు 13,490 కోట్ల డాలర్ల రాబడి చూపింది. అందులో ప్రతి వంద డాలర్లకు దాదాపు తొంభై ఎనిమిది ప్రకటనల నుంచి వచ్చినవే. వాట్సాప్ ఒకప్పుడు ఏడాదికి ఒక డాలరు చందా అడిగేది. 2014లో ఫేస్‌బుక్ దాన్ని సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2016 జనవరిలో చందా ఎత్తేశారు. 2025 జూన్‌లో అందులోని అప్‌డేట్స్ భాగంలో ప్రకటనలు చూపుతామని చెప్పారు.

కాబట్టి మండీ చాచాకు జవాబు ఇది: ఆ దుకాణానికి డబ్బు కట్టే ఖాతాదారు ప్రకటనదారుడు. అతను కొనే సరుకు మన చూపు. మనం తెర మీద ఒక పేజీ తెరిచేలోపే, ఆ ఖాళీ స్థలం కోసం కంప్యూటర్ల మధ్య వేలంపాట జరిగిపోతుంది. ఎవరు చూస్తున్నారు, ఎక్కడ ఉంటారు, నిన్న ఏమి వెతికారు, దేని దగ్గర వేలు ఆపారు అనే వివరాలను బట్టి పాట సాగుతుంది. మదనపల్లె మార్కెట్‌లో వేలం పాడేటప్పుడు క్రేటులోని టమాటాకు తన ధర తెలియదు. ఈ అంగడిలో మన ధర మనకు తెలియదు.

'పత్రికలు కూడా ప్రకటనల మీదే బతుకుతున్నాయి కదా' అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కాని పత్రికలోని ప్రకటన చదివేవారందరికీ ఒకటే. చదువుతున్న మనిషి ఏ వార్త దగ్గర ఎంతసేపు ఆగాడో కాగితం రాసిపెట్టుకోదు.

'మేము ఒప్పుకున్నట్లు నొక్కాము కదా' అనేది రెండో వాదన. పదుల పేజీల నిబంధనలను, అదీ మనకు రాని భాషలో, చదవకుండా నొక్కిన ఒక్క నొక్కును మనస్ఫూర్తి అంగీకారం అనగలమా? తడి ధాన్యం కొన్నవాడు కూడా పై గింజలు చూసి ఒప్పుకున్నవాడే.

మగ్‌బూన్ ఎవరు?

ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతారని మహాప్రవక్త (స) హెచ్చరించారు. అక్కడ ఆయన (స) వాడిన మాట 'మగ్‌బూన్'. అది బజారు మాట. విలువైన సరుకును తక్కువకు అమ్ముకున్నవాడిని, నాసిరకాన్ని ఎక్కువ పెట్టి కొన్నవాడిని అరబ్బులు అలా అనేవారు. తీరిక సమయం గురించి చెబుతూ వ్యాపార పదం ఎందుకు వాడారో ఈ రోజుల్లో మనకు కళ్లకు కట్టినట్లు అర్థమవుతుంది. నేడు తీరిక నిజంగానే బజారులో అమ్ముడుపోతోంది.

ఫజర్ తర్వాత ఖుర్ఆన్ పఠించే పావుగంట, పిల్లవాడు బడి కబుర్లు చెప్పాలనుకున్న పదినిమిషాలు, అమ్మకు ఫోన్ చేయాలనుకుని మరచిన సాయంత్రం... ఇవన్నీ ఎవరి ఖాతాలోనో చూపులుగా జమ అవుతున్నాయి. అడుగు కనిపించని బావిలా కిందికి జారుతూనే ఉండే తెరలు, ఒక వీడియో అయిపోగానే దానంతట అదే మొదలయ్యే మరొకటి వ్యాపారానికి పనికొచ్చే ఏర్పాట్లు. మనం ఎంతసేపు ఉంటే వారికి అంత అమ్మకం.

మన తీరిక మనది, నష్టపోతే మనమే నష్టపోతాం అని సరిపెట్టుకునే వీలు కూడా లేదు. ఫోన్‌లో ఉన్న వందల నంబర్లు మనవి కావు. ఇంట్లో జరిగిన నికాహ్‌లో తీసిన ఆడపడుచుల ఫోటోలు మనవి కావు. నలుగురు కూర్చున్న చోట మాట్లాడుకున్న మాట అమానత్ అని మన ధర్మం నేర్పింది. ఏ యాప్ అడిగినా 'సరే' అని నొక్కి, పొరుగువారి నంబరును, చెల్లెలి ఫోటోను అప్పగించే అధికారం మనకు ఎవరిచ్చారు? మన సొమ్మును మనం పారేసుకుంటే అది అజ్ఞానం. ఇతరులు దాచుకోమన్న సొమ్మును పారేస్తే అది ద్రోహం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం కూడా వచ్చింది. అయితే 'సరే' నొక్కే వేలును ఏ చట్టం వచ్చి పట్టుకుంటుంది?

కోపానికి పలికే ధర

ఇక్కడ మా స్వంత అనుభవం ఒకటి దాచకుండా చెప్పాలి. మా జుమా ప్రసంగాలను కొందరు యువకులు యూట్యూబ్‌లో పెట్టేవారు. తల్లిదండ్రుల సేవ గురించి చెబితే కొద్దిమంది చూసేవారు. ఒకసారి వేరే వర్గం పండితుడి మాటను ఖండిస్తూ మాట్లాడితే చూసినవారి సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. తర్వాతి శుక్రవారం మింబరు ఎక్కేముందు మా మనసు ఎవరిని ఖండిద్దామా అని వెతికింది. ఆ క్షణంలో మాకు భయం వేసింది. మేము ఎవరి మెప్పు కోసం మాట్లాడుతున్నాము? అంతేకాదు, వడ్డీ హరామ్ అని చెప్పిన ప్రసంగానికి ముందే వడ్డీ అప్పుల ప్రకటన వచ్చింది. సంపాదన వద్దనుకున్నవారి వీడియోల మీద కూడా ప్రకటనలు వేసుకునే హక్కును 2020-21లో ఆ సంస్థ తన నిబంధనల్లో చేర్చుకుంది.

ఇది మా ఒక్కరి బలహీనత కాదు. ఫేస్‌బుక్‌లో కోపం గుర్తుకు మామూలు లైకు కంటే ఐదు రెట్లు విలువ కట్టి, అలాంటి రాతలను ఎక్కువమందికి చూపిన కాలం ఉందని 2021లో బయటపడ్డ పత్రాలు తెలిపాయి. తర్వాత దాన్ని వారే తీసేశారు. కోపగించిన మనిషి ఎక్కువసేపు ఉంటాడు, ఎక్కువ రాస్తాడు.

అయితే నేరమంతా కంపెనీల మీద నెట్టడం కూడా న్యాయం కాదు. 2018 మే నెలలో మన చిత్తూరు జిల్లాకు దగ్గరే ఉన్న తిరువణ్ణామలై జిల్లాలో గుడికి వచ్చిన ఒక వృద్ధురాలు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అనుకుని జనం ఆమెను కొట్టి చంపారు. ఆ ఏడాది దేశమంతా అలాంటి వదంతులే వాట్సాప్‌లో తిరిగాయి. వాటిలో ఒక వీడియో నిజానికి పిల్లల రక్షణ కోసం కరాచీలో తీసిన అవగాహన చిత్రం. పిల్లవాడిని తిరిగి తెచ్చి దింపే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. అప్పుడు వాట్సాప్‌లో ప్రకటనలు లేవు. ఏ యంత్రమూ ఆ వీడియోను మన ముందుకు తోయలేదు. పంపింది మన బొటనవేలు. ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా ఆ జులైలో మన దేశంలో కట్టడి పెట్టవలసి వచ్చింది. వార్త తెచ్చినవాడిని బట్టి దాన్ని విచారించాలని, లేకుంటే తెలియక ఒక జాతికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడతారని సూరె హుజురాత్ బోధించే పాఠం ఆ ఫార్వర్డ్ మీటకు అక్షరాలా వర్తిస్తుంది.

మరి వదిలేయాలా?

ప్రకటన స్వతహాగా హరామ్ కాదు. సరుకులో ఉన్న గుణం ఉన్నట్లు చెప్పి పదిమందిని పిలవడం వర్తకుడి హక్కు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు, పుత్తూరు చిన్న దుకాణదారు దళారి లేకుండా దూరపు కొనుగోలుదారును చేరగలగడం మేలే. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ముఖాన్ని రోజూ చూసుకునే తల్లికి ఈ సాధనం వరమే.

ఇంకో దారి కూడా ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో ప్రకటనలు లేవు. రాసేవారు జీతం లేకుండా రాస్తారు, ఖర్చు విరాళాలతో నడుస్తుంది. మన పూర్వీకులు బాటసారుల కోసం బావి తవ్వించి, సత్రం కట్టించి వక్ఫ్ చేశారు. నీళ్లు తాగినవాడి పేరు ఎవరూ రాసుకోలేదు. ఈ కాలపు బావులు ఎలా ఉండాలో విద్యావంతులైన మన యువకులు ఆలోచించాలి.

అంతవరకు ఇంటింటా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. యాప్ అడిగిన అనుమతుల్లో పనికి అవసరం లేనివి నిరాకరించండి. ఇతరుల ఫోటో పెట్టేముందు వారిని అడగండి. ఇద్దరు నమ్మకస్తులు ధ్రువపరచని వార్తను పంపకండి. కోపం తెప్పించిన రాతకు ఆ పూటే జవాబివ్వకండి. మగ్రిబ్ నుంచి ఇషా వరకు ఇంట్లో ఫోన్లన్నీ ఒకచోట పెట్టండి. ఈ నియమం పిల్లలకంటే ముందు తండ్రికి వర్తించాలి.

మొన్న ఆ పెద్దాయన మళ్లీ కలిశారు. ఈ సంగతులన్నీ చెబితే శ్రద్ధగా విని, "అయితే మౌలానా సాబ్, సాయంత్రానికి మండీలో లెక్క చూసుకున్నట్లు దీనికి కూడా రోజూ లెక్క చూసుకోవాలన్నమాట" అన్నారు. అంతకంటే మంచి మాట మాకు తోచలేదు. మన సమయం లెక్క మనం చూసుకోకపోయినా, ప్రళయదినాన చూసేవాడు ఉన్నాడు. ఆ రోజు మగ్‌బూన్‌లలో మన పేరు లేకుండా అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.