కోతికి అరటిపండు పెడితే పుణ్యమేనా? నల్లమల దారిలో ఒక ప్రశ్న

శ్రీశైలం యాత్ర వీడియోలో మేము చెప్పకుండా వదిలేసిన విషయం ఒకటుంది. కెమెరా ముందు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది మార్కాపురం. మాకు శ్రీశైలం వెళ్లడమంటే దోర్నాల మీదుగా నల్లమల ఘాట్ ఎక్కడమే. మూడేళ్ల కిందట నాన్నకు గుండె ఆపరేషన్ అయినప్పుడు అమ్మ మొక్కుకుంది. ఆయన క్షేమంగా ఇంటికి వస్తే ప్రతి కార్తీకంలో మల్లన్నను చూసుకుంటానని, దారిలో ఆంజనేయస్వామి పేరు మీద కోతులకు పండ్లు పెడతానని. నాన్న కోలుకున్నారు. అమ్మ మొక్కు తప్పలేదు.

పోయిన కార్తీకంలో కూడా దోర్నాలలో నాలుగు డజన్ల అరటిపండ్లు కొన్నాం. ఘాట్‌లో ఒక మలుపు దగ్గర కారు ఆపగానే గుంపు మొత్తం వచ్చేసింది. అమ్మ కిటికీలోంచి ఒక్కొక్కటీ ఇస్తోంది, నేను ఫోన్‌లో తీస్తున్నాను. ఒక పండు జారి రోడ్డు మధ్యలో పడింది. దాని కోసం ఒక పిల్లకోతి ఉరికింది. వెనక నుంచి వస్తున్న కారు ఆగలేకపోయింది.

తల్లికోతి దాన్ని ఎత్తుకుని చాలాసేపు కదిలించి చూసింది. మేము చూస్తూ ఉండిపోయాం. శ్రీశైలం చేరేదాకా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి సత్రంలో అడిగింది: "నేను చేసింది పుణ్యమా, పాపమా నాయనా?"

ఆ కారు అతన్ని తిట్టుకోవచ్చు. కానీ పండు మాది. కారు ఆపిన చోటు మేము ఎంచుకున్నది.

అలాగని అమ్మ మనసును తప్పు పట్టలేను. ఆకలితో ఉన్న ప్రాణికి ఇంత పెట్టడం మన ఇళ్లలో నేర్పేదే. రోజూ చేయాల్సిన పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. కాకికి ముద్ద పెడతాం, ఆవుకు గ్రాసం వేస్తాం. మరి కోతికి పెడితే తప్పేంటి?

తేడా ఎక్కడుందంటే, కాకి, కుక్క, ఆవు మన గడప దగ్గర మనల్ని నమ్ముకుని బతుకుతున్నాయి. ఆ ఘాట్‌లో కోతి మన గడపకు రాలేదు, మనమే దాని ఇంట్లోకి వెళ్లాం. దాని ఇంట్లో దానికి కావాల్సినవి ఉన్నాయి. నేరేడు, తునికి, రేగు, మర్రి, చిగుళ్లు, పురుగులు. అవి వెతుక్కుంటూ తిరిగే కోతి, తిన్న పండ్ల గింజల్ని అడవంతా చల్లుతుంది. అలా చెట్లు మొలుస్తాయి. ఆ చెట్లే వాన నీటిని పట్టి ఉంచుతాయి. గుండ్ల బ్రహ్మేశ్వరం వైపు కొండల్లో పుట్టే గుండ్లకమ్మ ఆ నీళ్లతోనే కంభం చెరువు నింపుతుంది. కరువు సీమలో పుట్టినవాళ్లం, నీటి విలువ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా. మన పండుకు అలవాటైన కోతి మాత్రం రోడ్డు పక్కనే కూర్చుంటుంది. వెతుక్కోవడం మానేస్తుంది. పిల్లలకు కూడా రోడ్డే నేర్పుతుంది.

గీతలో పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు రకాలుగా చెప్తుంది. సాత్త్విక దానానికి చోటు, సమయం, తీసుకునేవారి యోగ్యత, మూడూ చూడాలంటుంది. ఘాట్ మలుపు చోటు కాదు. బండ్లు దూసుకుపోయే వేళ సమయం కాదు. దానం చేయాలన్న మన తొందరకు ఎదుటి ప్రాణి అవసరం అక్కర్లేకపోతే, మనం పెట్టింది దానికా, మన తృప్తికా?

రామాయణంలో చూడండి. రాముడు కూడా ఋష్యమూకానికి అతిథిగానే వెళ్లాడు. స్నేహం అడిగాడు. వానరులు వాళ్ల అడవిలో వాళ్ల పండ్లు, తేనె తిని బతికారు.

మనం "అభయారణ్యం" అనే మాట రోజూ వాడతాం, విడదీసి చూడం. అభయం ఇచ్చిన అరణ్యం. నల్లమల 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉంది. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం మనదే. పులి, చిరుత, ఎలుగుబంటి, దుప్పి, కణితి, అలుగు, అన్నిటికీ అక్కడ అభయం ఇచ్చాం. దానాల్లో అభయదానం గొప్పదని పెద్దలంటారు. విచిత్రం ఏమిటంటే, ఇక్కడ వాటికి మనమంటే ఉన్న బెరుకు పోకుండా చూడడమే అభయదానం. ఆ బెరుకే వాటిని రోడ్డుకు దూరంగా ఉంచుతుంది.

దోర్నాల ఘాట్‌లో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లు వదలరని చాలామంది విసుక్కుంటారు. నేనూ విసుక్కున్నవాడినే. కానీ ఏకాంత సేవ అయ్యాక గుడి తలుపులు మూస్తే మనం తట్టి లేపం కదా? అడవికి కూడా అది ఏకాంత సమయమే అనుకుంటే విసుగు రాదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం అభయారణ్యంలో జంతువుల్ని వేధించకూడదని, చెత్త వేయకూడదని చెప్తుంది. అడవినే క్షేత్రంగా చూసేవాడికి అవి ఆచారంలాంటివే. చెంచులు స్వామిని చెంచు మల్లయ్య అని తమవాడిగా కొలుస్తారు. ఆ ఇంటికి చుట్టాలం మనమే.

ఇక అమ్మ ప్రశ్న. "మొక్కు ఆపితే తప్పు కాదా?" అని భయపడింది. నాకు తోచింది చెప్పాను. మొక్కుకున్నప్పుడు నువ్వు అడిగింది నాన్న ప్రాణం. ఒక ప్రాణం నిలబెట్టినందుకు కృతజ్ఞతగా ఇంకో ప్రాణాన్ని రోడ్డు మీదకు పిలవమని స్వామి అడగడు. తెలియక చేసినంతవరకు అది పొరపాటు. తెలిశాక కూడా చేస్తే దానికి ఇంకో పేరుంది.

మర్నాడు అమ్మ మల్లన్న ముందు నిలబడి చాలాసేపు ఏదో చెప్పుకుంది. ఏం చెప్పుకుందో నేను అడగలేదు. ఈసారి కార్తీకానికి నాలుగు డజన్ల పండ్లూ మార్కాపురంలోనే ఒక హాస్టల్ పిల్లలకు పంచింది. ఘాట్‌లో కారు ఆపలేదు. ఆ మలుపు వచ్చినప్పుడు మాత్రం కిటికీ అద్దం ఎత్తి, కళ్లు మూసుకుని, చేతులు జోడించింది.

మీరు కూడా ఈ వీకెండ్ ఆ దారిలో వెళ్తుంటే నెమ్మదిగా వెళ్లండి. తినే కవర్లు కారులోనే ఉంచుకోండి. అడవి చూడాలనిపిస్తే తుమ్మలబైలు దగ్గర అటవీ శాఖ సఫారీ ఉంది. కోతి కనిపిస్తే మనసులో దండం పెట్టుకోండి, చాలు.

ఓం నమః శివాయ.