ఖాళీ గడులు

ఎన్ని కంప్యూటర్లు మార్చానో గానీ ఆ ఎక్సెల్ ఫైలును మాత్రం వెంట తెచ్చుకుంటూనే ఉన్నాను. దాంట్లో ఆఖరిసారి మార్పు చేసింది 2000 ఫిబ్రవరిలో. వైటూకే పనికని అమెరికా వచ్చి, న్యూజెర్సీలో ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం సర్దుకున్న రోజులు. పప్పుకి తాలింపు వేస్తూ కూడా షేర్ల మాటలే.

ఫైల్లో మూడు నిలువు వరుసలు, కొత్త ఇంటర్నెట్ కంపెనీలను పొదిగే ఒక్కో కంపెనీకి ఒకటి. మొదటిది సీఎంజీఐ. మసాచుసెట్స్ కంపెనీ. సెర్చ్ సైటు లైకోస్‌లో ముందే డబ్బు పెట్టి పేరు తెచ్చుకుంది. 1999లో ఇంకో సెర్చ్ సైటు ఆల్టావిస్టాలో 83 శాతం వాటాను దాదాపు 230 కోట్ల డాలర్లకు కొన్నది. రెండోది పెన్సిల్వేనియాలోని ఇంటర్నెట్ క్యాపిటల్ గ్రూప్. కంపెనీలకీ కంపెనీలకీ మధ్య వ్యాపారం నడిపే సైట్లే దాని లోకం. మూడోది కాలిఫోర్నియాలో బిల్ గ్రాస్ పెట్టిన ఐడియాల్యాబ్. అది మార్కెట్లోకి రానేలేదు కాబట్టి ఆ వరుసలో 'షేరు లేదు' అని రాసి వదిలేశాను.

మొదటి రెంటినీ నెలల తరబడి తూచాను. ఒకటి మామూలు జనం వాడే సైట్లను పొదుగుతోంది, రెండోది ఫ్యాక్టరీలు వాడేవాటిని. ఏ బుట్టలో గుడ్లు ఎక్కువ, ఏది ఎన్ని పిల్లల్ని మార్కెట్లోకి వదిలింది... అన్నీ లెక్కలే. ఒక్క అడ్డవరుస మాత్రం ఖాళీ. 'చేతిలో ఉన్న వాటాల విలువ' అని శీర్షిక పెట్టి, కింద ఏమీ నింపలేదు. కూడడం రాక కాదు. కూడితే, షేరుకి నేను ఇవ్వబోయే ధరలో పెద్ద భాగం ఆ వాటాలకు కాదని తేలిపోతుంది. పైగా ఆ వాటాల ధరలూ అదే మార్కెట్ నురగలోంచి పుట్టినవి. సీఎంజీఐ చాలా కంపెనీలను తన షేర్లే ఇచ్చి కొనేది. అంటే షేరు పడితే జేబు కూడా చిరిగినట్టే. ఇంటర్నెట్ క్యాపిటల్ తన ఐపీవో పత్రంలోనే ఇంకో ఇబ్బంది చెప్పుకుంది. పెత్తనం లేని చిన్న వాటాలు మరీ ఎక్కువైతే 1940 నాటి ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ చట్టం కిందికి రావాల్సి వస్తుందని. ఆ పేజీ నేను చదివాను. చదివి తిప్పేశాను.

రెంటిలో ఏది కొన్నానో చెప్పను. చెప్పినా తేడా లేదు. 2002కల్లా రెండూ డాలరు లోపే. ఒకటి 2004లో ఇరవై షేర్లను కలిపి ఒకటి చేసింది, ఇంకొకటి 2008లో పదింటిని. పదిహేనేళ్లకు 11.4 కోట్ల డాలర్లని ఒప్పుకుని సీఎంజీఐ పేరు పెట్టుకున్న ఫుట్‌బాల్ స్టేడియానికి, అమెరికన్ ఫుట్‌బాల్ పోటీలు మొదలవకముందే జిలెట్ పేరు వచ్చింది. ఆల్టావిస్టాను 2003లో ఓవర్చర్ 14 కోట్ల డాలర్లకు తీసుకుంది. ఆ ఓవర్చర్ పాత పేరు గోటూ డాట్ కామ్. పుట్టింది ఐడియాల్యాబ్‌లో, నేను 'షేరు లేదు' అని వదిలేసిన వరుసలో.

ఇంతవరకు తెలివి తక్కువ సంగతే. అది నలుగురిలో నవ్వుతూ చెప్పుకోగలను, చెప్పుకున్నాను కూడా. చెప్పనిది ఒకటుంది.

ఈ ఫైలును డాలస్‌లో ఉన్న బావకి పంపాను. అక్కావాళ్లు ఇంటికోసం దాచుకున్న డబ్బులో సగం దాని మీద నమ్మకంతో అవే షేర్లలో పెట్టాడు. 2000 ఏప్రిల్ 14, శుక్రవారం, నాస్‌డాక్ ఒక్కరోజే 355 పాయింట్లు పడింది. సోమవారం పొద్దున్నే నా షేర్లలో సగం అమ్మేశాను. ఆ రాత్రి బావ ఫోను. "ఏరా, ఏం చేద్దామంటావ్?"

"ఆగు బావా, ఇది నాలుగు రోజుల ముచ్చట. మళ్లీ లేస్తుంది."

అబద్ధమని అప్పుడు అనిపించలేదు. మిగతా సగం నేనూ ఉంచుకున్నాను కదా అని సర్దిచెప్పుకున్నాను. కానీ అమ్మిన సగం మాట నోటికి రాలేదు. వస్తే ఆయనా అమ్మేవాడు, నా ఫైలు తప్పని ఒప్పుకోవాల్సి వచ్చేది. అక్క ఇల్లు ఆరేళ్లు వెనక్కి పోయింది.

మొన్న మా అమ్మాయి పెళ్లికి బావ వచ్చాడు. పందిట్లో కుర్రాళ్లు క్రిప్టో గురించి వాదించుకుంటుంటే నా భుజం మీద చెయ్యేసి నవ్వాడు. "అప్పట్లో మనిద్దరం ఇలాగే మునిగాం కదరా!"

"అవును బావా," అన్నాను.