హన్నా కుట్టిన చిన్న అంగీ

(ధ్యాన భాగములు: 1 సమూయేలు 2:18–21, 17:17–18)



నర్సంపేట చుట్టునున్న మన సంఘములలో మిరపచేలయందును పత్తిచేలయందును కష్టపడి బిడ్డలను చదివించు తలిదండ్రులు అనేకులున్నారు. బిడ్డ సైనిక పాఠశాలకు ఎన్నికైనప్పుడు సంతోషమును దుఃఖమును ఒక్కమారే ఇంట ప్రవేశించును. విజయనగరము చేరువను 1962లో స్థాపింపబడిన కోరుకొండ సైనిక పాఠశాలలో ఆరవ తరగతిలో చేరు బిడ్డకు పది పండ్రెండేండ్లే. పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జాతీయ రక్షణ అకాడమీలో శిక్షణ మూడేండ్లు. 2022 నుండి అచ్చట ఆడబిడ్డలును చేరుచున్నారు.

హన్నా పాలు విడిచిన సమూయేలును షిలోహులో దేవునికి అప్పగించెను. అటుపిమ్మట ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెను. ఆలోచించుడి, నిరుటి కొలత ఈ ఏటికి చాలదు. కంటికి కానరాకయే బిడ్డ ఎదిగినాడని ఒప్పుకొని ఆ తల్లి బట్ట కత్తిరింపవలెను. మనము సాగనంపిన నాటి కొలతనే మనస్సున నుంచుకొని, ఫోనులో "ఉండగలవా బిడ్డా? ఇంటికొస్తవా?" అని మాటిమాటికి అడిగిన యెడల, వాని ధైర్యమును మనమే కరగించుదుము.

యెష్షయి ముగ్గురు కుమారులు సౌలు సైన్యములో నుండిరి. వృద్ధుడైన ఆ తండ్రి వేచిన ధాన్యమును, రొట్టెలను, సహస్రాధిపతికి జున్నుగడ్డలను పంపి క్షేమము విచారించెను. కుమారులను మరలి రమ్మనలేదు.

అపాయము లేదని మనము చెప్పజాలము. కోరుకొండలోను ఖడక్‌వాస్లాలోను చదివిన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణమర్పించెను. ప్రతి బిడ్డయు క్షేమముగా తిరిగివచ్చునని దేవుడు మనకు మాట ఇయ్యలేదు. మన చెయ్యి అందని చోటను ఆయన చెయ్యి అందునన్నదే మన నిరీక్షణ. బిడ్డ మన ఒడికి రాకమునుపే ఆయనవాడు; మనము కొంతకాలము పెంచుటకు నియమింపబడినవారము.

కావున కుటుంబ ప్రార్థనలో ప్రతి రాత్రి బిడ్డను పేరుపెట్టి జ్ఞాపకము చేసికొందము. ఇంటి క్షేమమును, సంఘ సమాచారమును ఉత్తరమున వ్రాయుదము. సెలవులకు వచ్చినప్పుడు ఎదిగిన బిడ్డ మాటను ఓర్పుతో విందము. బిడ్డను పంపిన ఇంటిని ఆదివారము ఆరాధన తరువాత దర్శించుట సంఘస్థులందరి విధి. ఆ ఇంట ఒక పీట ఖాళీగా నున్నది.

తండ్రీ, నీ కుమారుని మాకొరకు పంపినవాడవు నీవు. మా బిడ్డలను నీకప్పగించు బలమును మాకు దయచేయుము. ఆమేన్.