వల మీద రంగులు

అనగనగా రాజమండ్రిలో ఒక ఫొటో స్టూడియో. దాని యజమానికి ఇద్దరు కొడుకులు. పెళ్ళిళ్ళ సీజన్లో ముగ్గురూ ముహూర్తాల వెంట తిరిగేవారు. సీజన్ లేనప్పుడు అన్నదమ్ములిద్దరూ లాంచీ ఎక్కి గోదావరి ఎగువకు, అమ్మమ్మ ఊరికి పోయేవారు. పాపికొండల దారిలో, రేవు మెట్ల మీద వలలు ఆరేసుకునే చిన్న ఊరు అది. పోలవరం ముంపులో పోయే ఊరు. ఎప్పుడు ఖాళీ చేయమంటారో ఎవరికీ తెలియదు. చేయమంటారని మాత్రం అందరికీ తెలుసు.

అమ్మమ్మ తమ్ముడు లాంచీ సరంగు. చిన్నప్పటినుంచీ ఆయన పక్కన నిలబడి ఏరు చూసిన పిల్లలకు ఒకటే కోరిక, సరంగు తాతను పెట్టి సినిమా తీయాలని. కథ ఇద్దరూ కలిసి రాసుకున్నారు. ఊరు ఖాళీ అయ్యే ముందురోజు ఆఖరి ట్రిప్పు వేసే సరంగు కథ. నటులు అక్కర్లేదు, ఊరివాళ్ళే చాలు. కావలసింది కెమెరా ఒక్కటే. ఫిల్ము మీద తీయడం వాళ్ళ తాహతుకు మించిన పని. నాలుగు వందల అడుగుల రోలు నాలుగున్నర నిమిషాలకే అయిపోతుంది, దాన్ని కడిగించడానికి మళ్ళీ ల్యాబుకు డబ్బు పోయాలి.

2008లో కెనాన్ 5డి మార్క్ 2 వచ్చింది. ఫొటోల కెమెరాయే, కానీ హెచ్‌డీ వీడియో కూడా తీస్తుంది. సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. సినిమా ఫిల్ము మీద బొమ్మ పడే చోటు కన్నా పెద్దది. మొహం మీద ఫోకస్ పెడితే వెనకున్న కొండలు మెత్తగా మసకబారతాయి. పెళ్ళిళ్ళకు వాడే క్యామ్‌కార్డర్లలో అలాంటి బొమ్మ ఎన్నడూ రాలేదు. తమ్ముడు ఎగిరి గంతేశాడు.

అన్న చదువుకున్నవాడు. దొరికిన టెస్టు వీడియోలన్నీ చూసి, తమ్ముణ్ణి కూర్చోబెట్టి చెప్పాడు.

"ఒరేయ్, ఇది సెకనుకు 30 ఫ్రేములే తీస్తుంది. సినిమాకు కావలసిన 24 లేదు, మనకు పనికొచ్చే 25 లేదు. అది ఒకటి. 21 మెగాపిక్సెళ్ళ సెన్సరు, వీడియో తీసేటప్పుడు అన్ని వరసలూ చదివే ఓపిక దానికి లేదు. మధ్యమధ్య వరసలు వదిలేస్తుంది. సన్నటి అల్లిక ఎదురైతే అక్కడ లేని రంగులు పుడతాయి. మోయిరే అంటారు. మన ఊళ్ళో ఎటు చూసినా వలలే. ఇంకొకటి, బొమ్మంతా ఒక్కసారి పట్టదు, పైనుంచి కిందికి వరసగా చదువుకుంటూ పోతుంది. కెమెరా గబుక్కున తిప్పావనుకో, లాంచీ స్తంభాలు ఒరిగిపోతాయి."

"మరి ఏం చేద్దాం అన్నయ్యా?"

"ఆగుదాం. వచ్చేది ఇంతకన్నా బాగుంటుంది."

అన్న మాట నిజమే అయింది. 2010లో ఆ ఫ్రేముల లోపాన్ని కంపెనీయే సాఫ్ట్‌వేర్ మార్చి సరిదిద్దింది. అదే ఏడు 550డి అనే చిన్న కెమెరా, చాలా తక్కువ ధరకు వచ్చింది. దాని సెన్సర్ 5డి కన్నా చిన్నదైనా సినిమా ఫిల్ము సైజుకు దగ్గర. వలల జబ్బూ, ఒరిగే జబ్బూ మాత్రం అలాగే ఉన్నాయి. అప్పటికే కుర్రాళ్ళు ఇలాంటి కెమెరాలతో షార్ట్ ఫిల్ములు తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. 2011లో రాంగోపాల్ వర్మ 'దొంగల ముఠా'ను 5డి కెమెరాలతో ఐదు రోజుల్లో తీసేశాడు. ఇక తమ్ముడు ఆగలేదు. పెళ్ళి వీడియోల్లో తన వాటా డబ్బుతో సెకండ్ హ్యాండ్ 550డి, ఒక 50 ఎం.ఎం. లెన్సు కొన్నాడు.

అన్న తల పట్టుకున్నాడు. "ఎనిమిది బిట్ల బొమ్మరా అది. ఒక్కో రంగుకు 256 మెట్లే. పొద్దుగూకే ఆకాశానికి తర్వాత రంగులు దిద్దబోయావంటే పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. చీకట్లో తీస్తే బొమ్మంతా చుక్కలు. సౌండు సంగతి చెప్పనే అక్కర్లేదు. షాటు 12 నిమిషాలు దాటితే దానంతటదే ఆగిపోతుంది."

తమ్ముడు ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. అన్న చెప్పిన లోపాలన్నీ నోటుపుస్తకంలో వరసగా రాసుకున్నాడు. ఆ పుస్తకం చంకలో పెట్టుకుని లాంచీ ఎక్కాడు.

వలలంటే రంగులు పుడతాయన్నాడు అన్న. తమ్ముడు వలలను వెనక్కి పంపి, మనిషిని కెమెరాకు దగ్గరగా నిలబెట్టి, లెన్సు బాగా తెరిచాడు. వల మసకలో కలిసిపోయింది, రంగులు పుట్టే సందు లేకపోయింది. కెమెరా తిప్పితే స్తంభాలు ఒరుగుతాయి కదా, తిప్పడమే మానేశాడు. లాంచీ ముక్కు మీద కెమెరా బిగించి, ఒడ్డు తనంతట తానే మెల్లగా మలుపు తిరిగేదాకా కూర్చున్నాడు. చీకటి పనికిరాదని పొద్దు కొండ వెనక్కి దిగాక మిగిలే కాస్త వెలుతురులోనే బయటి రాత్రి సీన్లు తీశాడు. ఆకాశానికి తర్వాత దిద్దే పని పెట్టుకోకుండా రంగులన్నీ కెమెరాలోనే కుదుర్చుకున్నాడు. అమ్మమ్మ ఇంట్లో గుడ్డి బల్బు తీసి వంద వాట్ల బల్బు పెట్టి, దాన్ని సరంగు మొహం దగ్గరికి దించాడు. షట్టర్ సెకనులో యాభయ్యో వంతు దగ్గర కట్టేశాడు. మన 50 హెర్ట్జ్ కరెంటుకు అది సరిగ్గా సరిపోతుంది, ట్యూబ్‌లైటు కింద కూడా బొమ్మ మిణకదు.

సౌండుకు విడిగా చిన్న రికార్డరు తెచ్చుకుని, ప్రతి షాటుకూ ముందు చప్పట్లు కొట్టించాడు. ఆ చప్పుడు చూసుకుని తర్వాత బొమ్మనూ మాటనూ కలిపేవాడు. లాంచీ ఇంజిను మోతలో మాటలు వినపడవు కాబట్టి, ఇంజిను నడిచినంతసేపూ సరంగు మాట్లాడడని కథ మార్చేశాడు. రేవులో ఇంజిను ఆగాకే ఆయన నోరు విప్పుతాడు. ఊళ్ళో చదివి వినిపిస్తే అమ్మమ్మ నవ్వింది. "మా తమ్ముడు నిజంగానే అంతే కదరా" అంది.

ఒక్క షాటు మాత్రం అతని జాగ్రత్తలకు లొంగలేదు. రేవు మెట్ల మీద వల బాగుచేసుకుంటున్న ముసలాయన కెమెరా వైపు తిరిగి బోసినోటితో నవ్వాడు. తమ్ముడు మరీ దగ్గరగా ఉన్నాడు, ఫోకస్ వల మీదే ఉంది. వల నిండా ఎరుపూ ఆకుపచ్చా పాకాయి. మళ్ళీ తీద్దామంటే ఆ నవ్వు మళ్ళీ రాలేదు. తీసేయడానికి మనసొప్పక దాన్ని అలాగే ఉంచాడు.

డబ్బులున్నప్పుడు తీస్తూ, లేనప్పుడు ఆపుతూ సినిమా పూర్తిచేశాడు. పంపిన ఫెస్టివల్స్ చాలావరకు జవాబే ఇవ్వలేదు. హార్డ్ డిస్కును స్టూడియో బీరువాలో పెట్టి మళ్ళీ పెళ్ళిళ్ళ పనిలో పడ్డాడు.

అన్న ఆగుతూనే ఉన్నాడు. 2013లో బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ కెమెరా వచ్చింది. ధర 995 డాలర్లు, పది బిట్ల బొమ్మ. పదమూడు స్టాపుల వెలుగు తేడాను పట్టుకుంటుందని కంపెనీ చెప్పింది. ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపవుతుంది కనుక, ఎండకు మెరిసే ఏరూ నీడలో ఉన్న సరంగు మొహమూ ఒకే షాటులో నిలుస్తాయి. కానీ సెన్సర్ సూపర్ 16 సైజే, ఉన్న లెన్సులతో వెడల్పు దొరకదు, బ్యాటరీ గంట రావడం కష్టం. నిజమే. 2014లో సోనీ ఏ7ఎస్ వచ్చింది. ఫుల్ ఫ్రేములో, అంటే 5డి సైజు సెన్సర్‌లో, పన్నెండు మెగాపిక్సెళ్ళే పెట్టారు, అందుకే ఒక్కో పిక్సెల్ పెద్దది, ఎక్కువ వెలుగు పడుతుంది, వెన్నెల్లో కూడా తీయొచ్చు. కానీ బొమ్మ ఎనిమిది బిట్లే, 4కే కావాలంటే బయట రికార్డరు తగిలించుకోవాలి. అదీ నిజమే. 2018లో 1,295 డాలర్లకు పాకెట్ 4కే వచ్చింది. వెలుగుకు ఒకటి, చీకటికి ఒకటి, ఐఎస్ఓ 400, 3200 దగ్గర రెండు సహజ స్థాయులు. కానీ మనిషి కదిలితే ఫోకస్ తనంతట తాను వెంట రాదు, బ్యాటరీ మళ్ళీ పాత కథే. అన్న చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు.

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. ఎందరో ప్రాణాలు పోయాయి, పాపికొండలకు పోయే బోట్లు ఆగాయి. సరంగు తాత చుక్కాని వదిలి ఒడ్డెక్కాడు. 2020లో సోనీ ఏ7ఎస్ 3 వచ్చింది. పది బిట్లు, సెకనుకు 120 ఫ్రేముల 4కే, సెన్సర్ చదివే వేగమూ పెరిగింది. ఇందులో అన్నకు వంక దొరకలేదు. డబ్బు కూడబెట్టి కొన్నాడు. 2021 జూన్‌లో పోలవరం దగ్గర గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. ఆ ఎండాకాలంలోనే అమ్మమ్మ ఊరు సామాన్లు ట్రాక్టర్లకెక్కించుకుని పునరావాస కాలనీకి పోయింది. అన్న కొత్త కెమెరాతో వెళ్ళేసరికి రేవు మెట్ల మీద నీళ్ళు నిలిచాయి. తీయడానికి లాంచీ లేదు, ఎక్కడానికి మనుషులు లేరు.

ఆ ఏడు దసరాకు తమ్ముడు బీరువాలోంచి హార్డ్ డిస్కు తీసి, కాలనీ రచ్చబండ దగ్గర తెల్ల దుప్పటి కట్టి సినిమా వేశాడు. ఊరంతా వచ్చి కింద కూర్చుంది. వాకిళ్ళను గుర్తుపట్టి పేర్లు పెట్టి పిలుచుకున్నారు. వల షాటు వచ్చింది. అన్న పక్కనున్న సరంగు చెవిలో గొణిగాడు.

"తాతా, ఆ వల మీద రంగులు చూశావా? అది కెమెరా తప్పు."

సరంగు తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"రంగులుంటే ఉన్నాయిలేరా. ఆ వలెవరిదో చూడు. కాలనీకి వచ్చిన నెలకే పోయాడు. వాడి ఫొటో వాళ్ళింట్లో కూడా లేదు."

మర్నాడు అన్న తమ్ముడి దగ్గరికెళ్ళి ఆ నోటుపుస్తకం అడిగి తీసుకున్నాడు. కొత్త పేజీ తిప్పి తన కొత్త కెమెరా లోపాలు రాయడం మొదలెట్టాడు. బ్యాటరీలు ఎన్ని కావాలి, ఫైళ్ళు ఎంత చోటు తింటాయి, కార్డుల ఖరీదెంత. సాయంత్రానికి కాలనీలో, ఏరు లేని సరంగు ఇంటి ముందు ట్రైపాడ్ దించాడు.

నీతి: నిజమైన లోపం కూడా దొంగ సాకు కాగలదు.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మనకుంది. ఈ కథలో అన్నకు అది అతకదు. అతనికి ఆట వచ్చు, మద్దెలా నిజంగానే ఓడుదే. చిక్కు అక్కడే ఉంది. అబద్ధపు సాకును ఎవరో ఒకరు పట్టుకుని నిలదీస్తారు. నిజమైన సాకును ఎవరూ కాదనలేరు, చెప్పేవాడు కూడా కాదనుకోలేడు. సెన్సర్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. ప్రతి రెండు మూడేళ్ళకూ నిజంగానే మెరుగైంది వస్తుంది, కాబట్టి ఆగడానికి నిజమైన కారణం ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. కెమెరాకు కొత్త మోడల్ వస్తుంది. రేవుకూ, సరంగుకూ, బోసినోటి నవ్వుకూ రాదు.

దీన్నిబట్టి కెమెరా ఏదైనా ఒకటే అనుకుంటే అదీ తప్పే. అన్న లోపాలు చెప్పకపోతే తమ్ముడు వలల ముందే దెబ్బతినేవాడు. తేడా ఒక్కటే. ఒకడు ఆ జాబితాను ఆగడానికి వాడాడు, ఇంకొకడు దారి వెతుక్కోవడానికి వాడాడు. పేరుపడ్డ సినిమాల్లోనూ ఇదే జరిగింది. 1998లో థామస్ వింటర్‌బెర్గ్ 'ఫెస్టెన్'ను ఇళ్ళలో వాడే చిన్న సోనీ క్యామ్‌కార్డరుతో తీశాడు. ఒక కుటుంబం పరువు అందరి ముందూ పోయే కథకు, ఇంటి వీడియోలాంటి ఆ గరుకు బొమ్మే సరిపోయింది. డానీ బాయిల్ '28 డేస్ లేటర్'కు కెనాన్ ఎక్స్ఎల్1 వాడాడు. తెల్లవారుజామున లండన్ రోడ్లను కాసేపే ఆపగలరు, ఆ కాసేపట్లో ఎన్నో చోట్ల గబగబా పెట్టగలిగే చిన్న కెమెరాలే వాళ్ళకు కావాలి. సీన్ బేకర్ 2015 నాటి 'టాంజరిన్'ను ఐఫోన్ 5ఎస్‌లతో లాస్ ఏంజెలెస్ వీధుల్లో తీసి, రంగులను తగ్గించకుండా ఇంకా పెంచాడు.

చవక అన్న మాటనూ సరిగ్గా అర్థం చేసుకోవాలి. 2023లో గారెత్ ఎడ్వర్డ్స్ 'ద క్రియేటర్'ను సోనీ ఎఫ్ఎక్స్3తో తీశాడు. అన్న కొన్నదానికి అది దగ్గరి చుట్టం. ఆ సినిమా ఖర్చు మాత్రం దాదాపు ఎనిమిది కోట్ల డాలర్లు. చవకైంది పెట్టె ఒక్కటే. మనుషులు, సమయం, శబ్దం, వెలుతురు ఎప్పటి ధరకే ఉన్నాయి.

కాబట్టి కెమెరా కొనబోయేవాళ్ళు తమ్ముడి పుస్తకం పద్ధతి పాటించవచ్చు. లోపాలన్నీ ఎడమవైపు రాయండి. ప్రతిదాని పక్కనా కుడివైపు, ఆ లోపం తగలకుండా మీ సీను ఎలా తీస్తారో రాయండి. కుడివైపు నిండితే ఆ కెమెరా మీ కథకు చాలు, బయల్దేరండి. నిండకపోతే వేరే కెమెరా కావాలి, లేదా వేరే కథ కావాలి. ఏది కావాలో కూడా ఆ పేజీయే చెబుతుంది.