చుట్టపు చూపు

టోక్యో వచ్చిన మొదటి ఏడాది నేను రాసినన్ని ప్రయాణాలు, ఆ తర్వాత ఏడేళ్ళలోనూ కలిపి రాయలేదు. శనివారం వస్తే చాలు, బ్యాగు తగిలించుకుని నిషికసాయిలో రైలెక్కేదాన్ని. ఆదివారం రాత్రికల్లా వ్యాసం తయారు. ఇప్పుడు తీసి చదివితే సిగ్గేస్తుంది. భాష బాగాలేక కాదు, అందులో ఉన్న ధీమా చూసి. సగం వాక్యాలు "జపాన్ వాళ్ళు" అని మొదలవుతాయి. జపాన్ వాళ్ళు గట్టిగా మాట్లాడరు. జపాన్ వాళ్ళు రోడ్డు మీద చెత్త వెయ్యరు. ఇంతకీ అప్పటికి నాకు తెలిసిన జపాన్ వాళ్ళెంతమంది? ఆఫీసులో పదకొండు మంది, ఇల్లు చూపించిన బ్రోకరు, కింద కొట్లో రాత్రి డ్యూటీ చేసే కుర్రాడు. ఆ కుర్రాడిది నేపాల్ అని తర్వాత తెలిసింది.

మా నాన్న పోస్టాఫీసులో చేసి రిటైరై తెనాలిలో ఉంటారు. నేను రాసినవన్నీ ప్రింటు తీయించి ఫైల్లో పెట్టుకుంటారు. ఒకరోజు ఫోన్లో అన్నారు: "బాగా రాశావమ్మా. ఒక్క అనుమానం. అక్కడ ఎవరూ ఎవరితోనూ పోట్లాడుకోరా?"

"ప్రయాణాల్లో పోట్లాటలెందుకు నాన్నా?"

"పోనీ బియ్యం కిలో ఎంతో అయినా రాయొచ్చుగా."

నవ్వి ఊరుకున్నాను. ఆయన తలగడ పక్కన ఎప్పుడూ ఉండే పుస్తకం ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరుగా చేసిన వీరాస్వామి 1830 మే 18న పల్లకీల్లో, పెద్ద పరివారంతో బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారిలో స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకి రాసి పంపినవే 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. అప్పటికి ఆయన లేడు. గుళ్ళ గురించి ఎంత శ్రద్ధగా రాస్తాడో, ఏ మజిలీలో అంగళ్ళున్నాయి, ఎక్కడ నీళ్ళకి ఇబ్బంది లేదు అన్నదీ అంత శ్రద్ధగానే రాస్తాడు. వెనక బయల్దేరేవాడు ఆ మాటలు పట్టుకుని నడవొచ్చు. నా వ్యాసాలు పట్టుకుని బయల్దేరినవాడు మహా అయితే నేను ఫొటో తీసుకున్నచోట తనూ ఒక ఫొటో తీసుకోగలడు.

మొదటి ఏడాదే చెత్త మీద కూడా ఒక వ్యాసం రాశాను. కాలేవి ఒకరోజు, కాలనివి ఇంకోరోజు, సీసాలు, డబ్బాలు, పాత పేపర్లు దేనికదే. చివర్న "ఇది వారి రక్తంలోనే ఉంది" అని ముక్తాయింపు. చుట్టపు చూపుగా వచ్చినవాళ్ళకి ఏ ఇల్లయినా సర్దినట్టే కనిపిస్తుంది మరి.

నాలుగో ఏడాది పెద్ద బిల్డింగు వదిలి ఒక సందులో పాత రెండంతస్తుల ఇంటికి మారాను. అక్కడ చెత్త పెట్టేచోటు పది కొంపలకీ ఒకటే. ఒక చిన్న బోర్డు వారానికో తలుపుకి మారుతూ ఉంటుంది. ఈ వంతునే 'తోబన్' అంటారు. బోర్డు ఎవరింటికొస్తే వాళ్ళు పొద్దున్నే సంచుల మీద వల పరచాలి. లేకపోతే కాకులు చీల్చి వీధంతా పీకిపెడతాయి. బండి వెళ్ళాక వల మడిచి, చీపురుతో ఊడవాలి.

ఒకరోజు బండి వెళ్ళిపోయినా ఒక సంచి మిగిలింది. దాని మీద స్టిక్కరు: వేరు చెయ్యలేదు, తీసుకెళ్ళం. ఆ వారం వంతు ఎదురింటి ముసలావిడది. సంచి పట్టుకుని నా తలుపు తట్టి, ఎంతో మర్యాదగా, మీదేమోనని అడగడానికి వచ్చానంది. బయటి దేశం మనిషినని ముందు నా దగ్గరికే వచ్చిందని మనసు చివుక్కుమంది. కాదనబోయాను. సంచి అడుగున, కూరగాయల తొక్కల కింద, ఆవకాయ సీసా. లేబులు తెలుగులో ఉంది.

ఆవిడ ఏమీ అనలేదు. పాత పేపరు తెచ్చి సీసా లోపలి నూనె, కారం ఎలా తుడవాలో, తర్వాత వేణ్ణీళ్ళతో ఎలా కడగాలో చేసి చూపించింది. పేపరంతా ఎర్రగా అయింది. వాసన చూసి తుమ్మింది కూడా. ఆపైన, నాకు సగమే అర్థమయ్యే జపనీసులో, తన సంచి కూడా ఒకసారి అలాగే మిగిలిపోయిందనీ, మూలింటివాళ్ళకీ తనకీ మాటల్లేవనీ, చెత్త ఎవరి గోడ పక్కన పెట్టాలన్న దగ్గర మొదలైందనీ చెప్పింది.

ఆ రాత్రి ఫోన్ చేసి, "నాన్నా, పోట్లాడుకుంటారు," అన్నాను. "హమ్మయ్య, మనుషులే," అన్నారాయన.

రక్తంలో ఉందని నేను రాసినదంతా ఒక బోర్డులో, ఒక స్టిక్కరులో, కదలకుండా మిగిలిపోయే సంచిలో ఉంది. అది కనిపించడానికి నాకు నాలుగేళ్ళూ, ఒక ఆవకాయ సీసా పట్టాయి. ఇంకా ఎన్ని కనిపించలేదో.

ప్రయాణాలు రాసిన ఇంకో మనిషి మాకు దగ్గర్లోనే ఉన్నాడు. నిషికసాయి నుంచి తోజాయి లైన్‌లో నాలుగో స్టేషను మొంజెన్-నకచో. అక్కణ్ణుంచి కాస్త నడిస్తే ఫుకగావాలో ఒక కాలవ గట్టున హైకూ కవి బషో విగ్రహం ఉంది. అంత దూరం నడిచిన మనిషి ఇక్కడ వరండాలో కూర్చుని ఉంటాడు! 1689లో ఇక్కణ్ణుంచే పడవెక్కి, ఉత్తరాదిని చుట్టే అయిదు నెలల కాలినడకకి వెళ్ళాడు. ఆ నడక మీద రాసిన చిన్న పుస్తకాన్ని 1694 దాకా చెక్కుతూనే ఉన్నాడు. తోడు నడిచిన శిష్యుడు సోరా మాత్రం ఏరోజుకారోజు డైరీ రాశాడు: వాన పడిందా, ఎవరింట్లో పడుకున్నారు, అంతే. ఆ డైరీ 1943లో అచ్చయ్యాక గురువుగారి కల్పనలు బయటపడ్డాయి. మూడో నెల ముప్ఫయ్యో తారీఖు రాత్రి నిక్కో కొండ కింద బస చేశామంటాడు బషో. ఆ ఏడాది మూడో నెలకి ఇరవై తొమ్మిది రోజులే.

ఈ సంగతి చదివి మొదట తెగ సంబరపడ్డాను. నేనూ కామకురాకి మూడుసార్లు వెళ్ళి ఒకే రోజుగా కుట్టి రాశాను కదా, వానా ఎండా పూలూ అన్నీ ఆరోజే. కానీ ఆయన అయిదేళ్ళు చెక్కి ఒక రోజు కల్పించాడు. నేను సోమవారం ఆఫీసుకి టైమవుతోందని కల్పించాను. రెండూ ఒకటని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు. సోరాలా రాయడమే ముందు రావాలి నాకు. అందుకే ఇప్పుడు "జపాన్ వాళ్ళు" అని చెయ్యి రాయబోతే ఆగి, "మా ఎదురింటావిడ" అని రాస్తున్నాను. వ్యాసాలు చిన్నవైపోయాయి, ఏడాదికి మూడో నాలుగో. నాన్న ఫైలు లావెక్కడం లేదు. అయినా ఆయన ఫిర్యాదు చెయ్యడం లేదు, బియ్యం ధర రాస్తున్నాను కనక.

ఈ వారం బోర్డు మా తలుపుకి వేలాడుతోంది. రేపు కాలే చెత్త రోజు. ఎనిమిదింటిలోపు వల పరచాలి.